మూడో వాయి ఎందుకు పొంగదు?

ప్రశ్న: మాది అనంతపురంలో చిన్న బేకరీ. నాన్నగారు పెట్టినది. డిగ్రీలో మైక్రోబయాలజీ చదివి, ఇప్పుడు నేనూ ఆయనకు సాయంగా ఉంటున్నాను. మార్చి దాటిందంటే మాకు కష్టాలు మొదలవుతాయి. తెల్లవారుజామున ఐదింటికి నాన్నగారు ఆ రోజుకు సరిపడా ఎండు ఈస్టును గోరువెచ్చని చక్కెర నీళ్లలో కలిపి, స్టీలు బిందెలో మూత పెట్టి, బట్టీ పక్కన అరుగు మీద ఉంచుతారు. మూడు వాయిలకూ అందులోంచే తీసుకుంటాం. మొదటి వాయి బ్రెడ్డు మెత్తగా, ఎత్తుగా వస్తుంది. రెండోది పరవాలేదు. పదకొండింటికి కలిపే మూడోది మాత్రం ఒక్కోరోజు సరిగా పొంగదు, పొంగినా బట్టీలోకి వెళ్లేలోపే కుంగిపోతుంది, పుల్లటి వాసన కూడా. తీపి బన్నులైతే ఏ వాయిలోనైనా మొండికేస్తాయి. "ఈస్టు చచ్చిపోయింది, రెండింతలు వెయ్యి" అంటారు నాన్నగారు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ మీద కూడా ఆయనకు అనుమానం ఉంది. అసలు అంత చిన్న కణానికి వేడి, చక్కెర ఎక్కువైన సంగతి ఎలా తెలుస్తుంది? మన ఎండలకు అది అలవాటు పడదా?
ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మీరు మామూలు విషయంగా రాసి వదిలేసిన ఆ బిందెలోనే అసలు సంగతి ఉంది. మిగతావి ఒక్కొక్కటిగా చెబుతాను గానీ, ముందు దాన్ని బట్టీ పక్కనుంచి తీసేయండి. ఇంకోచోటికి మార్చమని కాదు, రోజంతటికీ ఒకేసారి నానబెట్టే పద్ధతే మానేయమని. రెండింతలు వేయడం కూడా వద్దు. ఎందుకో తెలియాలంటే ఆ ఈస్టు పొట్లంలోకి ఎలా వచ్చిందో చూడాలి.

ఎండు ఈస్టు పలుకుల్లో నీరు నూటికి ఎనిమిది పాళ్లు మించదు. బతికి పనిచేస్తున్న కణంలో సగానికి పైగా నీరే. అంత నీరు పోతే మామూలుగా ఏ కణమైనా పొరలు చితికి, ప్రొటీన్ల ఆకారం చెడి చావాలి. ఈస్టు చావదు. ఎండిపోయేలోపే అది ట్రెహలోజ్ అనే చక్కెరను తనలో నింపుకుంటుంది. రెండు గ్లూకోజ్ అణువులు జతకూడితే ట్రెహలోజ్. నీరు తప్పుకున్న చోట ఇది చేరి పొరలనూ ప్రొటీన్లనూ చెదరకుండా పట్టి ఉంచుతుంది. బాగా సిద్ధపడిన కణంలో ఎండు బరువులో ఆరో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కూడా ఇదే ఉంటుంది. ఫ్యాక్టరీ వాళ్లు దీన్ని పనిగట్టుకుని చేయిస్తారు. ఈస్టును పెంచే తొట్లలో చివరి గంటల్లో నత్రజని మేత తగ్గించి, వేడి కాస్త పెంచుతారు. మేత తగ్గి, వేడి పెరిగేసరికి కణం ఎదుగుదల మాని దాచుకోవడంలో పడుతుంది. ఆ తరవాతే ఎండబెడతారు. అంటే మీరు కొనే పొట్లంలో ఉన్నది ఒకసారి కావాలని ఇబ్బంది పెట్టి, గట్టిపరిచి పంపిన ఈస్టు.

మీ నాన్నగారు ఐదింటికి చేసే పని ఆ గట్టిదనాన్ని ఊడదీస్తుంది. గోరువెచ్చని నీళ్లూ చక్కెరా తగలగానే కణానికి అందే కబురు ఒక్కటే: కష్టాలు తీరాయి, ఇక పెరగవచ్చు. గ్లూకోజ్ లోపలికి రాగానే పీకేఏ అనే ఎంజైము చురుకవుతుంది. ట్రెహలోజ్‌ను విరిచే ఎంజైమును అది పనిలోకి దింపుతుంది. ఆపదలో రక్షణ జన్యువులను నడిపించే ఎంఎస్‌ఎన్2, ఎంఎస్‌ఎన్4 అనే జంట ప్రొటీన్లను కేంద్రకంలోకి పోనివ్వకుండా వెలుపలే ఆపుతుంది. నిమిషాల్లో నిల్వ కరగడం మొదలవుతుంది. అలా మేలుకున్న ఈస్టు మంచి పనిమంతురాలే కానీ మహా సుకుమారి. పలుకుగా ఉన్నప్పుడు నెలల తరబడి తట్టుకున్నది ఇప్పుడు గంటల వేడికి తట్టుకోలేదు. పిండి ముద్దను గడ్డకట్టించి అమ్మేవాళ్లకు ఈ సంగతి అనుభవమే. పులియడం మొదలయ్యాక గడ్డకట్టిస్తే, మొదలవకముందు గడ్డకట్టించినప్పటికన్నా చాలా ఎక్కువ ఈస్టు చస్తుంది.

మొదటి వాయికి ఇదంతా లాభమే. ఐదున్నరకే పిండిలో పడిన ఈస్టుకు తిండి ఉంది, వేడి మితంగా ఉంది, మేలుకున్న ఊపు ఉంది. బిందెలో మిగిలిపోయినదాని గతే వేరు.

ఇప్పుడు వేడి దానికెలా తెలుస్తుందన్న ప్రశ్న. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఇదే. కణం దగ్గర వేడిని కొలిచే పరికరమంటూ విడిగా ఉండనక్కరలేదు. వేడి చేసే నష్టమే దానికి కొలత. ప్రొటీన్ అంటే ఒక పద్ధతిలో మడత పడిన గొలుసు. వేడి పెరిగితే కొన్నిటి మడత విడిపోయి, ఒకదానికొకటి అంటుకుంటాయి. అలా చెదిరినవాటిని పట్టుకుని సరిచేసే హెచ్‌ఎస్‌పీ70 అనే ప్రొటీన్లు కణంలో ఎప్పుడూ తిరుగుతూ ఉంటాయి. పని తక్కువగా ఉన్న వేళ ఇవే హెచ్‌ఎస్‌ఎఫ్1 అనే మరో ప్రొటీన్‌ను పట్టి కదలనివ్వవు. చెదిరిన ప్రొటీన్లు పెరిగిపోతే హెచ్‌ఎస్‌పీ70లు అటు వెళ్లాలి. హెచ్‌ఎస్‌ఎఫ్1కు పట్టు సడలుతుంది. అది వెళ్లి హెచ్‌ఎస్‌పీ70లను ఇంకా తయారు చేయించే జన్యువులను తట్టి లేపుతుంది. మరమ్మతు పూర్తయ్యాక ఖాళీ దొరికిన హెచ్‌ఎస్‌పీ70లు మళ్లీ దాన్ని పట్టుకుంటాయి. ఎంత పొందికైన ఏర్పాటో చూడండి.

ఈ తరహా స్పందన మొదట బయటపడింది ఈస్టులో కాదు, పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో. ఇటలీలో ఫెరూచియో రితోస్సా, ఈగ పిల్లలున్న పెట్టెలో వేడి పెరిగినప్పుడు వాటి క్రోమోజోముల మీద కొత్త చోట్ల ఉబ్బులు లేవడం గమనించి 1962లో ప్రచురించాడు. తరవాత ఈస్టు నుంచి మనిషి దాకా వెతికిన చోటల్లా ఇదే కనిపించింది.

మరీ ఎక్కువ వేడి తగిలితే సరిచేయడం హెచ్‌ఎస్‌పీ70 వల్ల కూడా కాదు, ప్రొటీన్లు ముద్దకట్టేస్తాయి. అక్కడ ఈస్టుకు హెచ్‌ఎస్‌పీ104 ఉంది. ఆరు ముక్కలు కూడి వలయంగా ఏర్పడే ఈ ప్రొటీన్, ముద్దలోంచి ఒక్కో గొలుసు కొస పట్టి, తన నడిమి రంధ్రంలోంచి లాగి చిక్కు విడదీస్తుంది. సూజన్ లిండ్‌క్విస్ట్ బృందం 1990లో దీని ప్రాముఖ్యాన్ని చూపించింది. ఆ జన్యువు తీసేసిన ఈస్టు మామూలు వేడిలో ఏ లోటూ లేకుండా పెరుగుతుంది. 37 డిగ్రీల దగ్గర కొంతసేపు ఉంచి తరవాత 50కి తీసుకుపోతే మాత్రం, మామూలు ఈస్టులో చాలా భాగం బతికే చోట ఇది దాదాపు తుడిచిపెట్టుకుపోతుంది. గమనించారా, మామూలు ఈస్టునైనా ముందు 37 దగ్గర ఉంచకుండా నేరుగా 50లో పడేస్తే తట్టుకోదు. చిన్న దెబ్బ తగిలాకే పెద్ద దెబ్బకు సిద్ధపడుతుంది.

ఆ సిద్ధపాటులో కణం తన బతుకు తీరునే మార్చుకుంటుంది. ఈస్టుకు సుమారు 6000 జన్యువులు. దాని జన్యుపటం మొత్తం 1996లోనే చదివేశారు, కేంద్రకం ఉన్న జీవుల్లో అదే మొదటిది. 2000లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు వేడి, ఉప్పు, ఆకలి, పెరాక్సైడ్ వంటి రకరకాల ఇబ్బందులు పెట్టి ఏ జన్యువు ఎప్పుడు పెరుగుతుందో, తగ్గుతుందో చూశారు. ఇబ్బంది ఏదైనా సుమారు 900 జన్యువులు ఒకే తీరున కదిలాయి. దాదాపు 300 పైకి లేచాయి, 600 దాకా కిందికి దిగాయి. లేచినవి ట్రెహలోజ్ తయారీకి, ప్రొటీన్ల మరమ్మతుకు, ఆక్సీకరణ నష్టం నుంచి కాచుకోవడానికి పనికొచ్చేవి. దిగినవాటిలో చాలా భాగం ప్రొటీన్లను తయారుచేసే రైబోజోములు కట్టడానికి, అంటే ఎదుగుదలకు సంబంధించినవి. మీ జిల్లావాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. వాన మొహం చాటేసిన ఏడాది వేరుశనగ రైతు పెళ్లి వాయిదా వేస్తాడు, ఇంటిమీద గది మాట ఎత్తడు, పశువుల మేతకూ విత్తనానికీ ఉన్నదంతా అట్టేపెడతాడు. కరువు ఎంతకాలం ఉంటుందో తెలియదు కాబట్టి ముందుగానే బిగబట్టడం.

ఈ పోలిక నిలుస్తుందని 2008లో వచ్చిన మరో పరిశోధన చెబుతోంది. ఈ 900 జన్యువుల కదలిక ఇప్పుడు తగిలిన దెబ్బను కాచుకోవడం కోసం కాదనీ, ఇకముందు తగలబోయేదాని కోసమనీ అందులో తేలింది. ఒక ఇబ్బందికి సిద్ధపడిన ఈస్టు మరో రకం ఇబ్బందినీ మెరుగ్గా తట్టుకోవడానికి కారణం కూడా ఇదే.

మీ నాన్నగారి మాట ఇక్కడే తేడా కొడుతోంది. "చచ్చిపోయింది" అంటున్న ఈస్టులో చాలా భాగం చచ్చి ఉండదు. బతకడం వేరు, బ్రెడ్డు పొంగించడం వేరు. బేకరీకి కావలసింది హాయిగా తిని, వాయువు వదిలే ఈస్టు. ఆత్మరక్షణలో పడిన ఈస్టు బతికి ఉన్నా మీకు అక్కరకు రాదు. మీ కాలేజీ రోజుల్లో మెథిలీన్ బ్లూ వాడే ఉంటారు. పదకొండింటి బిందెలోంచి ఒక చుక్క తీసి ఆ రంగు కలిపి మైక్రోస్కోపు కింద చూస్తే, చచ్చిన కణాలు నీలంగా, బతికినవి రంగు లేకుండా కనిపిస్తాయి. నీలం కణాలు మీరు అనుకున్నంత ఉండవని నా అంచనా. వీలుంటే ఆ బిందెలో థర్మామీటరు కూడా పెట్టి చూడండి. మే నెలలో బట్టీ పక్కన 40 దాటి ఉన్నా నేను ఆశ్చర్యపోను. ఆ వేడిలో ఈస్టు ఎదుగుదల ఇంచుమించు ఆగిపోతుంది.

పైగా పదకొండింటికి ఆ నీళ్లలో చక్కెర ఉండదు. ఆరు గంటల్లో అంత ఈస్టు ఆ కాస్త చక్కెరను ఊదేసి, బదులుగా ఆల్కహాలు వదిలి ఉంటుంది. ఆల్కహాలు కొద్దిగానే ఉన్నా వేడికి తోడైతే కణం పొరను వదులు చేస్తుంది. ఇక ఆకలి. తిండి దొరకని ఈస్టు తన లోపలి సరుకునే కొంత కొంత మూటగట్టి, జీర్ణం చేసుకుని గడుపుకుంటుంది. జపాన్‌కు చెందిన యోషినోరి ఒసుమి ఆకలితో ఉన్న ఈస్టును మైక్రోస్కోపు కింద చూస్తూనే దీన్ని పట్టుకున్నాడు. 2016లో వైద్యశాస్త్ర నోబెల్ దానికే వచ్చింది. నోబెల్ తెచ్చిపెట్టిన ఆ ప్రక్రియ మీ అరుగు మీద రోజూ జరుగుతూ ఉండాలి. బన్నుకు మాత్రం దానివల్ల ఒరిగేదేమీ లేదు.

అందుకే రెండింతలు వేయడం పుండు మీద కారం చల్లడమే. అదే బిందెలో రెండింతల ఈస్టు ఉంటే చక్కెర సగం సమయంలోనే అయిపోతుంది. దెబ్బతిన్న కణాల లోపలి గ్లూటాథయోన్ అనే పదార్థం నీళ్లలోకి కారుతుంది. అది మైదా జిగట మీద పనిచేసి, పిండికి సాగే బలాన్ని ఇచ్చే బంధాలను తెంపుతుంది. పిండి జావగా, వదులుగా అవుతుంది. మూడో వాయి బట్టీ దాకా వెళ్లకుండానే కుంగడంలో దీని వాటా ఉంది. ఈస్టు పెంచితే ఈ వాటా కూడా పెరుగుతుంది.

నాన్నగారితో వాదనకు దిగేముందు ఒక పని చేసి చూపించండి. మాటలకన్నా అది నయం. పదకొండింటికి రెండు గాజు గ్లాసులు తీసుకోండి. ఒక్కోదానికి వంద గ్రాముల మైదా, అరవై మిల్లీలీటర్ల నీళ్లు. ఒకదానికి ఆ నీళ్లు బిందెలోంచి తీసినవి. రెండోదానికి మామూలు నీళ్లు, బిందె నీళ్లలో ఎంత ఈస్టు పడిందో లెక్కగట్టి అంతే బరువున్న తాజా ఎండు ఈస్టు, అదే లెక్కన చిటికెడు చక్కెర. కలిపి, పైన చదును చేసి, గ్లాసు మీద స్కెచ్ పెన్నుతో గీత గీయండి. రెండూ నీడలో ఒకే చోట ఉండాలి. ప్రతి పావుగంటకూ ఎక్కడిదాకా లేచిందో మరో గీత పెట్టండి. గంట తిరిగేసరికి రెండు గ్లాసుల మీద గీతల మధ్య ఎడం ఎంతో ఆయనే చూస్తారు. ఈస్టు మంచిదే, చెడగొడుతున్నది నానబెట్టే తీరు అని చెప్పే పని మీకు తప్పుతుంది.

ఇక చేయవలసినది. మీరు వాడేది సన్నని రవ్వలా ఉండే ఇన్‌స్టంట్ రకమైతే నానబెట్టనే అక్కరలేదు. ప్రతి వాయికీ విడిగా తూచి పొడి మైదాలో కలిపేయండి. మామూలు బ్రెడ్డుకు కిలో మైదాకు 10 గ్రాములు సరిపోతుంది, ఎండాకాలంలో ఇంకొంచెం తగ్గించవచ్చు. గింజల్లా ఉండే పాత రకమైతే ఆ వాయికి కావలసినంతే, 38 నుంచి 42 డిగ్రీల నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి వెంటనే వాడండి. నానబెట్టేటప్పుడు చల్లని నీళ్లు వాడకండి. ఎండిన పొర తిరిగి కుదురుకునే ఆ కొద్ది క్షణాల్లో చల్లదనం తగిలితే లోపలి సరుకు కారిపోతుంది. విప్పిన పొట్లాన్ని గాలి చొరబడని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. బట్టీ గదిలోని అలమరలో పెట్టకండి.

తీపి బన్నుల జబ్బు వేరు. ఏ వాయిలోనైనా మొండికేస్తున్నాయని మీరే రాశారు, కాబట్టి అక్కడ బిందె ఒక్కదాన్నే అనలేం. కిలో మైదాకు పావు కిలో చక్కెర వేస్తే, పిండిలో ఉన్న అర లీటరు నీళ్లకు ఆ చక్కెర చాలా ఎక్కువ. కణం చుట్టూ అంత చిక్కటి పాకం ఉంటే లోపలి నీరు బయటికి లాగేయబడుతుంది. నిమిషం లోపలే కణం కుంచించుకుపోతుంది. కాస్త చక్కెర "పెరుగు" అని చెబుతుంది, అదే చక్కెర మితిమీరితే నీటి కరువు తెస్తుంది. దీనికి ఇంకో మెలిక ఉంది. మనం వేసే చక్కెరను ఈస్టు అలాగే మింగదు. ఇన్వర్టేజ్ అనే ఎంజైమును బయటి గోడలో పెట్టుకుని ఒక్కో చక్కెర అణువును గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా విరుస్తుంది. ఒక్క అణువు రెండయితే పాకం నీటిని లాగే శక్తి కూడా రెండింతలకు దగ్గరవుతుంది. తన కొంప తానే ముంచుకోవడం అంటారే, అదే.

అయినా ఊరుకోదు. పొర మీద ఒత్తిడి మారిన సంగతిని అక్కడి ప్రొటీన్లు పసిగట్టి, ఒకదాని నుంచి ఒకటిగా కబురు లోపలికి పంపితే హాగ్1 అనే ఎంజైము చురుకవుతుంది. ఈ కబురు దారిని 1993లో వెలికితీశారు. హాగ్1 కేంద్రకంలోకి వెళ్లి, నీటిని లోపల పట్టి ఉంచే గ్లిసరాల్ అనే పదార్థాన్ని తయారుచేసే జన్యువులను పెంచుతుంది. గ్లిసరాల్ బయటికి కారే ద్వారం కూడా మూసుకుపోతుంది. లోపల గ్లిసరాల్ పేరుకున్న కొద్దీ నీరు తిరిగి వస్తుంది, కణం మళ్లీ నిండుతుంది. దీనికి అరగంట, ఒక్కోసారి గంటకు పైగా పడుతుంది. బన్ను పిండి మొదటి గంటలో ఉలకక పలకక ఉండేది అందుకే. గ్లిసరాల్‌గా మారిన చక్కెర వంతుకు వాయువు కూడా రాదు. అంటే ఆలస్యం ఒక నష్టం, వాయువు తగ్గడం ఇంకో నష్టం.

దీనికి మందు ఉంది. తీపి పిండి కోసమని విడిగా అమ్మే ఈస్టు దొరుకుతుంది, సాధారణంగా బంగారు రంగు పొట్లంలో. వాటిలో ఇన్వర్టేజ్ తక్కువగా ఉండే రకాలను ఎంచి పెంచుతారు. కిలోకు వంద గ్రాములు దాటి చక్కెర వేసే పిండికి అదే వాడండి. అది దొరకకపోతే సగం మైదా, నీళ్లు, మొత్తం ఈస్టు కలిపి చక్కెర లేకుండా ముందు పొంగనిచ్చి, ఆ తరవాత మిగతా మైదాతో చక్కెర, వెన్న చేర్చండి. ఉప్పు కూడా అప్పుడే. బన్నులకు ఈస్టు కాస్త ఎక్కువే పడుతుంది. నాన్నగారి "ఎక్కువ వెయ్యి" అన్నమాట చెల్లేది ఇక్కడ.

ఫ్లోరైడ్ సంగతి క్లుప్తంగా. మీ జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్నమాట నిజం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఏళ్ల మీద అది పళ్లకూ ఎముకలకూ చెరుపు. ఈస్టు మాత్రం దానికి జడవదు. లోపలికి వచ్చిన ఫ్లోరైడ్‌ను ఎప్పటికప్పుడు బయటికి తోసేసే ప్రొటీన్లు దానికి ఉన్నాయి. 2013లో వాటి జన్యువులను గుర్తించి ఎఫ్‌ఈఎక్స్ అని పేరు పెట్టారు. అవి తీసేసిన ఈస్టు కొద్దిపాటి ఫ్లోరైడ్‌కే చతికిలబడుతుంది. మీ పొట్లంలోని ఈస్టుకు ఆ ప్రొటీన్లు ఉన్నాయి. కాబట్టి నీళ్లు మార్చాలంటే తినేవాళ్ల కోసం మార్చండి, బన్ను పొంగడం కోసం కాదు.

ఎండలకు అలవాటు పడదా అన్నారు. రెండు రకాలుగా పడుతుంది. ఒకటి ఇప్పటిదాకా చెప్పినది: కాస్త వేడి చూసిన కణం కొన్ని గంటలపాటు ఎక్కువ వేడికి ఓర్చుకుంటుంది. చక్కెర దొరికి పెరగడం మొదలుపెడితే ఆ ఓర్పు కరిగిపోతుంది. రెండోది తరాల మీద వచ్చే మార్పు. 2014లో స్వీడన్‌లోని చామర్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈస్టును 40 డిగ్రీల చుట్టుపక్కల తరాల తరబడి పెంచి, ఆ వేడిలో నిలిచే రకాలను సాధించారు. వాటి పొరల్లోని కొవ్వు పదార్థం, అంటే స్టెరాల్, మారిపోయి ఉంది. అయితే ఆ రకాలు మామూలు వేడిలో తమ పూర్వీకుల కన్నా వెనకబడ్డాయి. ఈతచెట్టు కుండలో తనంతట తాను చేరే ఈస్టు ఎండనూ, తీపినీ, పులుపునూ, ఆల్కహాలునూ ఒక్కసారే ఎదుర్కొంటుంది నిజమే, కేరళలో కల్లు పోసి అప్పాల పిండి పొంగించడం కూడా ఉంది. కానీ రోజూ ఒకే రకం బ్రెడ్డు అమ్మాల్సిన మీరు ఆ దారి పట్టకండి. కల్లులో ఈస్టుతో పాటు బాక్టీరియా కూడా దండిగా ఉంటుంది, ఏ రోజు ఏది పైచేయి అవుతుందో చెప్పలేం. మీరు ఈస్టును మార్చడం కన్నా పిండి వేడిని మార్చడం తేలిక.

పుల్లటి వాసనకూ మందు అక్కడే. 35, 36 డిగ్రీల పిండిలో ఈస్టు వాయువు విపరీతమైన వేగంతో వస్తుంది, ట్రేలు సర్దేలోపే పిండి పొంగు దాటిపోతుంది. ఆ వెచ్చదనంలో మైదాతో వచ్చిన లాక్టిక్ బాక్టీరియా కూడా విజృంభిస్తుంది, పులుపు ఎక్కువగా దానిదే. కలిపిన పిండి 26 డిగ్రీల దగ్గర ఉండాలి. లెక్క ఇలా వేయండి. 26ను మూడుతో హెచ్చవేస్తే 78. అందులోంచి మైదా వేడి, గది వేడి, మిక్సర్ తిప్పడం వల్ల పెరిగే వేడి తీసేస్తే వచ్చేదే నీళ్లకు ఉండవలసిన వేడి. మే నెల పదకొండింటికి మైదా 36, గది 38, మిక్సర్ 8 అనుకుంటే మిగిలేది మైనస్ 4. ఫ్రిజ్ నీళ్లు కూడా చాలవన్నమాట, ఐసు పడాల్సిందే. ఎంత అంటే, కుళాయి నీటి వేడిలోంచి కావలసిన వేడి తీసేసి, ఆ వచ్చినదాన్ని కుళాయి నీటి వేడికి 80 కలిపిన సంఖ్యతో భాగించి, మొత్తం నీళ్ల బరువుతో హెచ్చవేయండి. 5 కిలోల మైదాకు 3 లీటర్ల నీళ్లు, కుళాయి నీళ్లు 32 డిగ్రీలు అయితే 36ను 112తో భాగించి 3తో హెచ్చవేయాలి. ఇంచుమించు 960 గ్రాముల ఐసు, మిగతా రెండు లీటర్ల చిల్లర నీళ్లు. మిక్సర్ వేడి ఒక్కో యంత్రానికి ఒక్కోలా ఉంటుంది. మొదటి రెండు రోజులు కలిపిన పిండిలో థర్మామీటరు గుచ్చి చూసి ఆ 8ని సరిచేసుకోండి. మైదా బస్తాను రేకుల కప్పు కింద కాకుండా లోపలి గదిలో ఉంచితే ఐసు ఖర్చు కూడా తగ్గుతుంది.

బజారులో దొరికే దిమ్మ ఐసు తినడానికి చేసినదని నమ్మకం లేకపోతే పిండిలో వేయకండి. తాగే నీళ్లనే రాత్రి స్టీలు డబ్బాల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున సన్నగా నలగ్గొట్టండి. పెద్ద ముక్కలు ఉంటే కరిగేసరికి పిండి కలపడం అయిపోయి, బ్రెడ్డులో అక్కడక్కడ తడి గుంటలు మిగులుతాయి. ముందు మైదాలో ఈస్టు బాగా కలిశాకే నీళ్లూ ఐసూ పోయండి. పలుకుల మీద ఐసు నేరుగా పడకూడదు.